కోల్‌బెల్ట్ షోకు: సింగరేణి గడ్డ మీద తారలు, సొంత ముస్తాబు

గోదావరి లోయ బొగ్గు గనుల ప్రాంతంలో, ముఖ్యంగా రామగుండం, గోదావరిఖనిల్లో, గని కుటుంబాలు బట్ట, జుట్టు, నగ, నడక విషయంలో పెంచుకున్న అభిరుచిని కోల్‌బెల్ట్ షోకు అనవచ్చు. సినిమా తారలు, పాటగాళ్లు, ఉద్యమ నాయకులు, పై అధికారులు ఈ అభిరుచికి ఆదర్శాలయ్యారు. హీరోను చూసి క్రాఫు మార్చుకున్నవాళ్లు తెలుగునాట ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ గడ్డ మీద ఆ మార్పుకు బరువెక్కువ. గని పనిచేసే మనిషికి రోజుకు రెండు వేషాలు. మొదటిది చట్టం, కంపెనీ కలిసి నిర్ణయించిన వేషం. రెండోది స్నానం చేశాక తనకు తానుగా వేసుకునేది. తారలు వచ్చి కూర్చున్నది ఈ రెండో వేషంలో.

నేపథ్యం

1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, ఇప్పటికీ ఆ తేదీనే సింగరేణి డే జరుపుతారు. నేడు కంపెనీలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. రామగుండం ప్రాంతంలో గనులు 1960 దశకంలో ఊపందుకున్నాయి. గోదావరిఖని పేరులోనే గని ఉంది. 1978లో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, 1980లో ఎరువుల కర్మాగారం నడక మొదలుపెట్టింది.

ఈ చరిత్రలో వేషానికి సంబంధించిన ముక్క ఒకటుంది. పల్లెలో తలపాగా చుట్టిన తీరు, చీర కట్టిన తీరు చూసి కులమూ వృత్తీ చెప్పేవారు. గోదావరిఖనికి మనుషులు పల్లెలు వదిలి వచ్చారు. పాత కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు పక్కపక్క క్వార్టర్లలో చేరారు. అందరికీ ఒకే సైరను, ఒకే మస్టరు, నెల తిరిగేసరికి చేతికి నగదు. ఊరి పెద్ద ఏమంటాడోనన్న బెదురు లేదు, జేబులో డబ్బుంది. పల్లెలో తాతతండ్రుల నుంచి వచ్చిన వేషం ఇక్కడ ఎంచుకునే వేషమైంది. ఎంచుకోవాలంటే ముందు నమూనా కావాలి. ఆ నమూనా సినిమా హాల్లో దొరికింది, కార్మిక సంఘాల గేట్ మీటింగులో దొరికింది, అధికారుల బంగళా వైపు చూసినా దొరికింది.

బాయి వేషం

ఇక్కడ గనిని ‘బాయి’ అంటారు. భూగర్భ గనిలోకి దిగే మనిషి తలకు టోపీ ఉండాలి, హెల్మెట్టును టోపీ అనడమే వాడుక. టోపీ ముందు క్యాప్ ల్యాంపు, నడుముకు బెల్టు, బెల్టుకు బ్యాటరీ, విషవాయువు కమ్మితే ఊపిరి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్, కాళ్లకు బూట్లు. అగ్గిపెట్టె, బీడీ, ఫోను పైనే వదిలెయ్యాలి. తిరిగే యంత్రాల దగ్గర వదులు బట్టలు పనికిరావు. తట్టా చెమ్మస్ (గంప, పార)తో బొగ్గు నింపిన కాలంలో ఫిల్లర్లు లోపలి ఉక్కకు బనీను, నిక్కరుతోనే పనిచేసేవారు.

ఈ వేషంలో మనిషిని మనిషి గుర్తుపట్టడం కష్టం. షిఫ్టు దిగి వచ్చే గుంపులో బొగ్గు టబ్బులు తోసే పాతికేళ్ల ట్రామరూ కప్పుకు దుంగలు నిలిపే యాభై దాటిన టింబర్‌మనూ ఒకే రంగులో ఉంటారు. పళ్లు, కళ్లు మాత్రమే తెల్లగా కనబడతాయి. సబ్బు పెట్టి ఎంత రుద్దినా కనురెప్పల అంచున సన్నని నల్ల గీత మిగిలిపోతుంది, ఎవరో శ్రద్ధగా కాటుక దిద్దినట్టు. ఇంటికి చేరాక తువ్వాలు కొసను తడిపి ఆ గీతను తుడుచుకుంటారు. సగం పోతుంది, సగం ఉంటుంది. తెల్లచొక్కా వేసుకుని పెళ్లికి వెళ్లినా ఆ గీతను బట్టి బాయి మనిషని ఎదుటివాళ్లు పోల్చుకుంటారు.

కాబట్టి ఇక్కడ షోకును డాబు కింద తీసేయడం తప్పు. ఎనిమిది గంటలు చీకట్లో ఆనవాలు లేకుండా ఉన్న మనిషి వెలుగులోకి వచ్చి ‘ఇదిగో, నేను’ అని చెప్పుకునే పని అది. ఇస్త్రీ మడత చెదరని చొక్కాకు, నూనె రాసి దువ్విన జుట్టుకు, జేబులోని దువ్వెనకు బొగ్గుబెల్టులో అంత విలువ రావడానికి కారణం నాకు అదే అనిపిస్తుంది.

గని బట్ట ఫ్యాషనైన కథ ప్రపంచంలో మరోటుంది, దాని దిక్కు వేరు. 1873 మే 20న అమెరికాలో జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్ జేబుల మూలల్లో రాగి రివెట్లు కొట్టిన ప్యాంట్లకు పేటెంటు పొందారు. గనుల్లో, పొలాల్లో మోటుపని చేసేవాళ్ల జేబులు చిరిగిపోకుండా కనిపెట్టిన బట్ట అది. 1953లో ‘ది వైల్డ్ వన్’లో మార్లన్ బ్రాండో, 1955లో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’లో జేమ్స్ డీన్ వేసుకున్నాక జీన్స్ కుర్రకారు జెండా అయింది. గోదావరిఖని కుర్రాడు అదే జీన్స్ వేసుకున్నది తండ్రి బాయి బట్టల నుంచి దూరంగా జరగడానికి. గని కార్మికుల కోసం పుట్టిన బట్ట ఇక్కడి గని కార్మికుడి ఇంటికి సినిమా హీరో బట్టగా చేరింది.

తారల వరస

1971 ఆగస్టులో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. కృష్ణ కౌబాయ్ టోపీ, బెల్టు, బూట్లతో కనిపించాడు. రోజూ టోపీ, బెల్టు, బూట్లతోనే బాయి దిగేవాళ్లకు ఆ మూడూ తెర మీద వీరుడి ఆభరణాలుగా కనబడటం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ దశకంలోనే నుదుటి మీద శోభన్‌బాబు ఉంగరం జుట్టు, చెవుల కిందికి దిగిన సైడ్‌లాకులు, నేలను ఊడ్చే బెల్‌బాటం ప్యాంట్లు ఊరూరా తిరిగాయి. ఆడవాళ్లలో వాణిశ్రీది పెద్ద ముద్ర. ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమనగర్’ రెండూ 1971లో వచ్చినవే. ఎత్తైన కొప్పు, నిండైన బొట్టు, చీరకు తగిన జాకెట్టు ఆ ఏళ్లలో వాణిశ్రీ పేరుతో చెలామణి అయ్యాయి.

1979లో వచ్చిన హిందీ చిత్రం ‘కాలా పత్థర్’ బొగ్గు గని కథ. 1975 నాటి చాస్‌నాలా గని ప్రమాదం దానికి ప్రేరణ. మసి బట్టల అమితాబ్ బచ్చన్ అందులో గని కార్మికుడు. అయినా బొగ్గుబెల్టులో షోకుగా పాకింది ఆయన మసి బట్ట కాదు. చెవులు కప్పిన జుట్టు, పొడుగు కాలరు జనానికి నచ్చాయి.

1983లో ‘ఖైదీ’ తర్వాత చిరంజీవి కాలం మొదలైంది. 1991లో ‘గ్యాంగ్ లీడర్’ నాటికి ఆయన డ్యాన్సు, చొక్కా, నడక అన్నీ పాఠాలే. చిరంజీవిలో కుర్రకారుకు నచ్చిన గుణం ఒకటి చెప్పాలి. ఆయన చాలా సినిమాల్లో పని చేసుకు బతికే మనిషి, వీధిలో నిలబడే మనిషి. ఆ వేషం అరువు తెచ్చుకోవడానికి రాజుల నగలు అక్కర్లేదు. 1989 ‘శివ’తో నాగార్జున ఇంకాస్త దగ్గరకొచ్చాడు. మామూలు చొక్కా, జీన్స్, మోచేతి దాకా మడిచిన చేతులు, అంతే. కాలేజీ మెట్లు ఎక్కిన తొలితరం గని పిల్లలు అందులో తమను చూసుకున్నారు. ఆ తర్వాత ‘తొలిప్రేమ’ (1998), ‘ఖుషి’ (2001) కాలపు పవన్ కళ్యాణ్, 2017లో ‘అర్జున్ రెడ్డి’ గడ్డంతో విజయ్ దేవరకొండ, 2021లో గడ్డం కింద చెయ్యి తిప్పిన ‘పుష్ప’ అల్లు అర్జున్ వరసగా వచ్చారు. విజయ్ దేవరకొండ 2018లో ‘రౌడీ’ పేరుతో తన బట్టల బ్రాండునే పెట్టాడు. అభిమానం నేరుగా అంగడి సరుకైన సందర్భమది.

ఈ వరసను దగ్గరగా చూస్తే ఒక సంగతి కనబడుతుంది. బొగ్గుబెల్టులో ఎక్కువగా పాకినవన్నీ ఖర్చులేని షోకులు: క్రాఫు, గడ్డం, కాలరు ఎత్తడం, చేతులు మడవడం, ఒక సైగ. తార వేసుకున్న కోటు కొనలేకపోయినా తార దువ్విన పాపిట తీసుకోవచ్చు. అందుకే తారకూ అభిమానికీ నడుమ అసలు మధ్యవర్తి కటింగ్ షాపు. గోడ మీద రకరకాల క్రాఫుల బొమ్మలున్న చార్టు, దాని పక్కన హీరో పోస్టరు, ఎదురుగా నిలువుటద్దం. కుర్చీలో కూర్చున్నవాడు పోస్టరు వైపు వేలు చూపిస్తే చాలు. కానీ వాడి సుడి ఎక్కడుందో, నుదురు ఎంత వెడల్పో, రేపు ఆ జుట్టు మీద టోపీ పెట్టాలో లేదో క్షౌరకుడికి తెలుసు. అందుకు తగ్గట్టు హీరో క్రాఫును ఆ తలకు సరిచేస్తాడు. టైలరూ అంతే. గుడ్డ కొలతను బట్టి, ఇచ్చిన డబ్బును బట్టి హీరో చొక్కా కాస్త మారుతుంది. ఆ మార్పులోంచే మనిషి సొంత తీరు పుడుతుంది. ఒకే పోస్టరు చూసి కుట్టించుకున్న పది చొక్కాలు పది రకాలుగా ఉండేవి. రెడీమేడ్ వచ్చాక ఆ తేడా చాలావరకు పోయింది. అది నష్టమనే నా అభిప్రాయం.

జర్మన్ ఆలోచనాపరుడు గియోర్గ్ జిమ్మెల్ 1904లో ఫ్యాషన్ మీద వ్యాసం రాశాడు. అందరిలా ఉండాలన్న కోరిక, అందరికన్నా వేరుగా ఉండాలన్న కోరిక, ఈ రెండింటి పెనుగులాటే ఫ్యాషన్ అన్నది అతని వాదం. మనవాళ్లు మొదటిదాన్ని ‘నలుగురితో నారాయణ’ అంటారు. రెండోదానికి ‘వాడి ఇస్టయిలే వేరు’ అన్న మాటుంది. గోదావరిఖని చౌరస్తాలో సాయంత్రం పూట రెండు మాటలూ వినబడతాయి.

సూటు, గొంగడి, కండువా

సినిమా ఒక్కటే ఈ ప్రాంతపు వేషాన్ని దిద్దిందనుకుంటే పొరపాటు. ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచిన ఫ్యాషన్ ఆదర్శం ఒక విగ్రహం: నీలి సూటు, టై, చంకలో పుస్తకం, చూపుడువేలు ముందుకు చాచిన అంబేడ్కర్. గని కార్మికుల్లో దళితుల సంఖ్య పెద్దది. కాలనీల్లో, చౌరస్తాల్లో ఆ విగ్రహం రోజూ కళ్ల ముందుంటుంది. అంబేడ్కర్‌కు బొగ్గు గనులతో నేరు సంబంధమూ ఉంది. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉండగా 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు వెళ్లి, గనిలోకి దిగి చూశారు. మరుసటి ఏడాది జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది.

దళితులు మంచి బట్ట కట్టడమే నేరమనే ఆచారాలున్న సమాజంలో ఆయన సూటు అలంకారాన్ని మించిన సంగతి. మెడ కింద గుండీ దాకా పెట్టుకున్న చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, పెళ్లిలో కొత్త సూటు వేసుకున్న పెళ్లికొడుకు, వీటిలో సినిమా ఎంతుందో అంబేడ్కర్ అంత ఉన్నారు. బాయి పని చేసే తండ్రి కొడుకుని ఫొటో స్టూడియోకు తీసుకెళ్లి, అక్కడి అరువు కోటు తొడిగించి, టై సర్ది ఫొటో తీయించేవాడు. ఆ ఫొటో ఇంటి గోడ మీద దేవుడి పటాల పక్కన ఉండేది. కోటు భుజాల దగ్గర జారిపోతుంటుంది, చేతులు గోళ్ల దాకా కప్పేస్తాయి, పిల్లవాడి మొహం మాత్రం గంభీరంగా ఉంటుంది.

దీనికి ఎదురుగా మరో వేషం నిలిచింది. ప్రజాగాయకుడు గద్దర్ (1949–2023) ఒంటి మీద చొక్కా లేకుండా, భుజాన గొంగడి, నడుముకు ధోతి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్రతో ఆడి పాడారు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లోనూ ఆయన గొంగడితోనే కనిపించారు. గొంగడి గొర్రెల కాపరిది, చలికీ వానకూ పేదవాడి ఆసరా. దాన్ని వేదిక ఎక్కించడంతో పల్లె నుంచి వచ్చిన గని కార్మికుడికి తాను వదిలి వచ్చిన బట్ట గౌరవంగా తిరిగొచ్చింది. 1981లో విప్లవ కార్మిక సంఘం సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట సికాస, ఏర్పడ్డాక ఈ నిరాడంబర వేషానికి పలుకుబడి పెరిగింది. 2002లో మొదలైన తెలంగాణ ధూంధాం సభలు గొంగడినీ గజ్జెలనూ మరో తరానికి అందించాయి. గద్దర్ తన చివరి ఏళ్లలో సూటు, టైతో కనిపించారు. ఆయన అభిమానుల్లో కొందరికి అది మింగుడుపడలేదు. అంబేడ్కర్ విగ్రహం కింద పెరిగినవాళ్లకు మాత్రం అందులో వింతేమీ కనబడలేదు.

కండువాది వేరే లెక్క, అది కార్మిక సంఘం గుర్తు. ఎర్రది ఏఐటీయూసీ, మూడు రంగులది ఐఎన్‌టీయూసీ, గులాబీది తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం. తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పని ఆపినప్పుడు గులాబీ రంగు కోల్‌బెల్ట్‌ను ముంచెత్తింది. గుర్తింపు సంఘం ఎన్నికల్లో గులాబీ సంఘం 2012, 2017లలో గెలిచింది, 2023 డిసెంబరులో ఏఐటీయూసీ గెలిచింది. ఒకే మనిషి భుజం మీద ఏళ్ల తేడాతో రంగులు మారడం ఇక్కడ అందరూ చూసిందే. అధికారి వేషం మరో నమూనా. 1970, 80లలో సఫారీ సూటు ‘దొర’ గుర్తు. ఉద్యోగ విరమణ సన్మానానికి సఫారీ కుట్టించుకున్న కార్మికుడికి ఆ ఒక్కరోజు ఆ హోదా దక్కేది.

దసరా

కోల్‌బెల్ట్‌లో బట్టల సంవత్సరం దసరాతో మొదలవుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు, లాభాల వాటా, ఆపైన పండుగ, అన్నీ ఒకేచోట పడతాయి. కంపెనీ లాభంలో కొంత శాతాన్ని కార్మికులకు పంచడం ఆనవాయితీ. 2024లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచారు. ఆ ఏడాదే తొలిసారి కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు, తలా 5,000 రూపాయలు. ఈ రెండు వాటాల మధ్య దూరం పండుగనాడు వీధిలో కంటికి కనబడుతుంది. ఒక ఇంట్లో పట్టుచీర, కొత్త గొలుసు. అదే గని మీద కాంట్రాక్టు పని చేసే ఇంట్లో పిల్లలకు మాత్రమే కొత్త బట్టలు. 1990 దశకం మొదట్లో లక్ష దాటి ఉన్న పర్మినెంటు కార్మికులు ఇప్పుడు సుమారు నలభై వేలు. షోకు చేసే కుర్రాళ్ల సంఖ్య తగ్గలేదు, జీతపు చీటీ ఉన్న ఇళ్లు తగ్గాయి.

దసరా ముందు రోజుల్లో గోదావరిఖని లక్ష్మీనగర్ బట్టల దుకాణాల వీధిలో అడుగు పెట్టడం కష్టం. జాకెట్లు కుట్టేవాళ్ల ఇళ్లలో అర్ధరాత్రి దాకా మిషను చప్పుడు. మగ్గం వర్కు జాకెట్టు కావాలని వచ్చిన అమ్మాయి ఫోనులో తార ఫొటో చూపిస్తుంది. పాతికేళ్ల కిందట వాళ్లమ్మ ఇదే పనికి నటి సౌందర్య బొమ్మ ఉన్న వారపత్రిక పేజీ చింపి తెచ్చేది. కుట్టే ఆమె ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, మెడ లోతు చూసి, ‘గింత లోతు మీ అత్త ఒప్పుకుంటదా?’ అని అడుగుతుంది. ఇద్దరూ కలిసి అంగుళం తగ్గిస్తారు. కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు సింగరేణి సేవా సమితి కుట్టుపని, ఫ్యాషన్ డిజైనింగ్, బ్యుటీషియన్ శిక్షణలు ఇస్తూ వచ్చింది. షోకు అలా కొన్ని ఇళ్లకు రెండో జీతమైంది.

తెర మీద బొగ్గు మనిషి

ఎప్పుడూ తెర నుంచి బొగ్గుబెల్టుకు వచ్చిన వేషం ఈ మధ్య బొగ్గుబెల్టు నుంచి తెరకు వెళ్లింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ‘వరల్డ్ ఫేమస్ లవర్’లో విజయ్ దేవరకొండ ఇల్లందు గని కార్మికుడు శీనయ్యగా కనిపించాడు. 2023 మార్చి 30న శ్రీకాంత్ ఓదెల తీసిన ‘దసరా’ విడుదలైంది. కథాస్థలం సింగరేణి బొగ్గు గనుల పక్కన వీర్లపల్లి. నాని మాసిన లుంగీ, చిక్కుపడ్డ జుట్టు, బొగ్గు పూసిన మొహంతో ధరణి అయ్యాడు. ఆ సినిమా పోస్టర్లలో అతని వెనక సిల్క్ స్మిత బొమ్మ ఉంది. ఏలూరు దగ్గరి కొవ్వలిలో పుట్టి, 1996లో కన్నుమూసిన ఆ నటి గోడ మీద పటంగా మిగలడం ఊహించి రాసింది కాదు. హోటళ్లలో, లారీ క్యాబిన్లలో ఆమె బొమ్మ ఒక తరం చూసింది.

‘దసరా’ తర్వాత ఒంటికి మసి పూసుకుని ధరణిలా ఫొటో దిగిన అభిమానులు రాష్ట్రమంతా కనిపించారు. వేరే ఊళ్లలో అది సరదా వేషం. గోదావరిఖనిలో తండ్రులు సబ్బుతో వదిలించుకోజూసిన రంగు అది. కొడుకులు దాన్ని కావాలని పూసుకోవడం కొందరు పెద్దలకు నచ్చలేదు, కొందరి కళ్లు చెమర్చాయి. రెండూ నిజమైన స్పందనలే.

కొప్పు, టోపీ

కూలిపనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా తొడుక్కుంటారు. ఎండకూ దుమ్ముకూ అది అడ్డు, ఏ తారా నేర్పని వేషం. ఇక గని లోపలి సంగతి: 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పని చేయనివ్వలేదు. 2019లో కేంద్రం ఆ నిబంధనను సడలించి, వారి అంగీకారంతో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు అనుమతించింది. సింగరేణిలో కారుణ్య నియామకాల కింద కూతుళ్లూ ఉద్యోగాల్లో చేరుతున్నారు. ప్యాంటు, చొక్కా, బూట్లు వేసుకుని మస్టరుకు వచ్చే ఆ అమ్మాయిలను చూసి చెల్లెళ్లు అద్దం ముందు టోపీ పెట్టి చూసుకుంటారు. వాణిశ్రీ కొప్పు మీద టోపీ కూర్చోదు. జడ మెడ దగ్గర గట్టిగా అల్లుకుని, కొసను చొక్కా లోపలికి దోపుకోవాలి.